డైరెక్టర్ వద్దన్నాడు

జ్లాతినాకి అన్నిటికన్నా భయం ఒకటే. తన చేతిలో ఒక ప్రాణం పెడితే అది పోతుందని, పోయాక నలుగురూ చేరి "దానికేం తెలుసు, పదో క్లాసైనా గట్టెక్కలేదు" అంటారని. కూతురు కలీనా పుట్టిన రోజు నుంచీ ఆ భయం ఆమెతోపాటే లేచి ఆమెతోపాటే పడుకునేది. పిల్ల కాస్త దగ్గితే చాలు, చదువుకున్న తల్లులకి తెలిసినదేదో తనకి తెలియకుండా పోయిందని గుండె జారిపోయేది. మొగుడు ప్లామెన్‌ది దాన్యూబ్ నది మీద సరుకు పడవల్లో పని. నాలుగు వారాలు నీళ్ళ మీద, రెండు వారాలు ఇంట్లో.

అలాంటిదాని చేతిలో, పై అంతస్తు ఎవ్‌దోకియా తన ఇంటి తాళంచెవి పెట్టింది.

ఎవ్‌దోకియా బల్గేరియాలోని రుసే ఊళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళు ట్రాలీబస్సు నడిపింది. ఒంటరి మనిషి. అందరూ ఊరగాయ సీసాలు పేర్చుకునే బాల్కనీలో ఆవిడ అద్దాలు బిగించి, ఉడుములాంటి పచ్చటి ఇగ్వానాని పెంచుకుంది. తోకతో కలిపి కలీనా కంటే పొడుగు. పేరు డైరెక్టర్.

"మా డిపో డైరెక్టరూ ఇంతే," అనేది. "ఎత్తున కూర్చుని, పని ముట్టుకోకుండా, అందర్నీ ఓరకంట చూసేవాడు. వీడు నయం, జీతం అడగడు."

తుంటి ఆపరేషన్‌కి రాజధాని సోఫియాకి వెళ్తూ అప్పగింతలు పెట్టింది. "పొద్దున దీపం వెయ్యి, సాయంత్రం ఆర్పు. వాడి ఒంట్లో వేడి పుట్టదే అమ్మాయ్, ఆ దీపమే వాడి పొయ్యి. ఆకులు పెట్టు, గుమ్మడి తురుము పెట్టు, నీళ్ళు చిలకరించు. అర్థమైందా?"

"అయింది పిన్నీ," అని అక్కడి అలవాటుగా జ్లాతినా తల అడ్డంగా ఊపింది.

"భయమైతే ఇప్పుడే చెప్పు. డిపోలో రాద్కాని రమ్మంటాను."

"భయమా? నాకా?"

ఆ మాట అన్నందుకు మెట్లు దిగుతుండగానే నాలుక కరుచుకుంది.

మొదటి రోజు దీపం వేసి, తురుము పళ్ళెంతో గాజు తలుపు జానెడు తెరిచింది. కొమ్మ మీద డైరెక్టర్ కదల్లేదు. గోళ్ళు చూసి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. వాడు గొంతు కింద సంచి సాచి, తల పైకీ కిందకీ, పైకీ కిందకీ ఊపాడు.

"అమ్మా, వద్దంటున్నాడు!" అని కలీనా చప్పట్లు కొట్టింది.

రుసేలో ఊయలలోని బిడ్డ కూడా వద్దనడానికి తల నిలువునా ఊపుతుంది. ఇంత స్పష్టంగా వద్దన్నాక ఇంకేం చేస్తాం? జ్లాతినా తలుపు మూసేసింది. ఆ క్షణాన ఆమెకి కలిగింది జాలి కాదు, హాయి. చెయ్యి లోపల పెట్టే పని తప్పింది.

రెండో రోజూ వద్దన్నాడు. మూడో రోజూ వద్దన్నాడు. పళ్ళెం వెళ్ళినట్టే తిరిగొచ్చింది. వాడి గుమ్మడికాయ పాడైపోతుందని కోసి, తేనె పోసి, పొయ్యిలో కాల్చి కలీనాకి పెట్టింది. తానూ రెండు ముక్కలు తింది. బాగుంది కూడా.

ఆ సాయంత్రమే ఎవ్‌దోకియా ఫోన్ చేసింది. "వాడు తింటున్నాడా?"

"తింటున్నాడు పిన్నీ."

"గుమ్మడి?"

"అదే ఇష్టంగా తింటున్నాడు."

"నా బంగారమే! నీ చేతి వాసి మంచిదే. నేను ఊరెళ్తే నా మీద అలిగి కూర్చుంటాడు, చూడు."

అవతల ఆవిడ నవ్వుతుంటే ఇవతల జ్లాతినా చెవులు కాలిపోయాయి. ఇంత అబద్ధం ఆడాక ఆ గాజు తలుపు ముఖం చూడబుద్ధి కాలేదు. నాలుగో రోజు, ఐదో రోజు పైకి వెళ్ళనే లేదు. వద్దన్నవాడి ఇంటికి పదేపదే పోవడమేమిటి అనుకుంది. దీపం మాట గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. కలీనా బట్టలు ఉతకాలి కదా అని దాన్ని పక్కకి నెట్టింది. బయట దాన్యూబ్ మీంచి పొగమంచు పైకెక్కుతోంది. బిల్డింగుల్లో గదులు వెచ్చబెట్టే గొట్టాల్లోకి వేడినీళ్ళు వదలడం ఇంకా మొదలవలేదు.

ఆరో రోజు వెళ్ళేసరికి కొమ్మ ఖాళీగా ఉంది. డైరెక్టర్ కింద పడి ఉన్నాడు. ఆకుపచ్చ ఒళ్ళు కాలిన పెనంలా నల్లబడింది. తల ఊపలేదు.

చెయ్యి లోపల పెట్టడానికి అప్పుడు భయం అడ్డురాలేదు. ఎత్తితే తడి చెప్పులా చల్లగా, బరువుగా ఉన్నాడు. కలీనా దుప్పట్లో చుట్టి, స్వెట్టర్ లోపల పెట్టుకుని, పిల్లని రెండో చేత్తో లాక్కుంటూ ట్రాలీబస్సెక్కి జంతువుల డాక్టర్ దగ్గరికి పరిగెత్తింది.

డాక్టర్ కుర్రాడు. ముందు వాడిని వెచ్చటి నీళ్ళ తొట్టిలో పెట్టి, గుండె విని, అప్పుడు అడిగాడు. "ఎన్నాళ్ళయింది తిని?"

"ఆరు రోజులు. పెట్టానండీ. అదే వద్దంది."

"వద్దంది? ఎలా?"

"తల ఊపింది. ఇలా."

డాక్టర్ ఆమెనే చూసి, పక్కగదిలోకి కేకేశాడు. "వెస్కా, ఒకసారి రా! ఇక్కడ బల్గేరియన్ భాష వచ్చిన ఇగ్వానా ఉంది!" తర్వాత ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, వాడు నీ దేశంలో పుట్టలేదు. తల ఊపితే 'ఇది నా చోటు, నువ్వెవరు' అని అర్థం. పళ్ళెం అక్కడ పెట్టి నువ్వు తప్పుకుంటే తినేవాడు. స్కూల్లో చెప్పలేదా?"

గుమ్మం దగ్గర పిల్లిబుట్టతో కూర్చున్న ఆవిడ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. కలీనా కూడా వాళ్ళని చూసి నవ్వింది.

జ్లాతినా తలదించుకుంది. ఆ నవ్వుకి కాదు. తెలియక చేశాననే మాట అందరూ నమ్మేశారు, అందుకు. తెలియకపోవడం తల ఊపు సంగతి వరకే. దీపం సంగతి ఆమెకి తెలుసు.

డైరెక్టర్ బతికాడు. నాలుగు రోజులు వాడిని తన వంటింట్లో దీపం కింద పెట్టుకుని, నూరిన ఆకు సూదిలేని సిరంజితో చుక్కచుక్కా పట్టింది. రెండుసార్లు గీరాడు, ఆ గీతలు మణికట్టు మీద అలాగే మిగిలాయి. ఐదో రోజు వాడే ఒక ఆకు కొరుక్కున్నాడు. జ్లాతినా గిన్నెలు తోముతూ ఏడ్చింది.

ఎవ్‌దోకియా చేతికర్ర పట్టుకుని తిరిగొచ్చింది. వాడి తోక చివర ఎండి నల్లబడటం చూడగానే కనిపెట్టింది. జ్లాతినా ఏదీ దాచలేదు. గుమ్మడి ముక్కల సంగతి కూడా చెప్పింది.

ఆవిడ అరిచుంటే బాగుండేది.

"భయమేస్తోందని ఒక్క మాట అనుంటే రాద్కా వచ్చేది కదే," అంది. "నేను రోజూ ఆ వార్డులో అందరికీ చెప్పుకున్నాను, మా కింద ఒక అమ్మాయి ఉంది, నాకేం దిగులు లేదని."

తర్వాత చెయ్యి చాపింది. జ్లాతినా ఆ చేతిలో తాళంచెవి పెట్టింది.

ఆ రోజు నుంచి లిఫ్ట్‌లో ఎదురుపడతానేమోనని మెట్లెక్కేది. చలికాలం మధ్యలో ప్లామెన్‌కి నదికి ఎగువన లోమ్ ఊరి రేవులో పని కుదిరింది. ఇల్లు మారుతూ సామాను దింపే రోజున కలీనా పైకి చూసి చెయ్యి ఊపింది. జ్లాతినా మాత్రం చూడలేదు. వెళ్ళొస్తానని చెప్పడానికి ఒక్క అంతస్తు ఎక్కలేకపోయింది.

ఇప్పుడు లోమ్ నుంచి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంటుంది. రెండు వారాలైంది. తన నంబరని తీయడం లేదో, తీయలేక తీయడం లేదో తెలియదు. డిపోలో అడిగితే రాద్కా తన కూతురి దగ్గరికి వెళ్ళిందన్నారు.

మీలో ఎవరైనా రుసే వైపు వెళ్తే, తొమ్మిదో నంబరు ట్రాలీబస్సు ఆఖరి స్టాపులో దిగండి. పచ్చ తలుపుల బిల్డింగు, ఐదో అంతస్తు, ఎడమ వైపు. ఎవ్‌దోకియా పిన్ని ఎలా ఉందో ఒకసారి చూడండి. ఎవరు పంపారో చెప్పక్కర్లేదు. ఆవిడ కర్ర సాయంతో తలుపు దాకా రావడానికి చాలాసేపు పడుతుంది. రెండుసార్లు బెల్లు కొట్టి వెనక్కి తిరిగిపోకండి.