పాత స్లాబుకు నీళ్లు

నిన్న ప్లాస్టరింగు చేసిన గోడకు స్వామిదాసు ఉదయం ఆరింటికే నీళ్లు కొడుతున్నాడు. మగ్గుతో నీళ్లు ముంచి, మగ్గు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి విసిరితే అవి సన్నగా చిమ్ముకుని గోడ మీద పరుచుకుంటాయి. పైనుంచి కిందికి, జానెడు జాగా కూడా పొడిగా మిగలకూడదు. నిజానికి అది మేస్త్రి పని కాదు, ఇల్లు కట్టించుకునేవాళ్ల పని. కానీ ఇంటివాళ్లు కొట్టరు, కొట్టామని చెబుతారు. ఆర్నెల్ల తర్వాత గోడ బీటలిస్తే మేస్త్రిని తిడతారు. ముప్పై ఆరేళ్లుగా ఎల్లారెడ్డిలో ఆ తిట్లు తినీ తినీ, ఎవరి గోడకైనా తానే తెల్లారి వచ్చి నీళ్లు కొట్టిపోవడం అతనికి అలవాటైంది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. తట్టలు మోసిన కుడిభుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి జారింది. వేలి సందుల్లో చర్మాన్ని సిమెంటు ఎప్పుడో తినేసింది. చెవి మీద ఎర్ర పెన్సిల్ ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఒక ఆదివారం చర్చిలో రొట్టె కోసం తల వంచినప్పుడు అది జారి పాస్టరుగారి పళ్లెంలో పడింది. ఆయన దాన్ని తీసి, తుడిచి, మళ్లీ ఇతని చెవి మీదే పెట్టాడట. వాడలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఇల్లు కట్టించుకుంటున్న దివాకర్ సారు టీ గ్లాసుతో బయటికి వచ్చాడు.

"పదకొండు దాకా చేసి పో స్వామిదాసూ. మధ్యాహ్నం ఎండ మామూలుగ లేదు."

"ఇయ్యాల పనిల ఉండ సారూ. ఇంటికాడ స్లాబుకు నీళ్లు కొట్టాలె."

"నీ ఇంటి స్లాబుకా? అది ఏసి ఇరువై ఏండ్లు దాటిపాయె. ఇప్పుడు నీళ్లేంది?"

స్వామిదాసు మగ్గును బకెట్‌లో బోర్లించి వెళ్లిపోయాడు. చెబితే దివాకర్ సారు నవ్వుతాడు. నవ్వించుకునే ఓపిక ఆ వారం అతనికి లేదు.

వారం కిందట ఇంటికి వచ్చిన కూతురు కృపాజ్యోతి ఒక మాట అంది. అప్పటినుంచీ అతనికి అన్నం సయించడం లేదు.

కృపాజ్యోతి హైదరాబాదులో ఆర్కిటెక్చర్‌లో పెద్ద చదువు చదువుతోంది. ఎం.ఆర్క్, రెండో ఏడు. ఇల్లు ఎలా ఉండాలి, గాలి ఎటు రావాలి, వేడి ఎటు పోవాలి, అన్నీ అందులో పాఠాలేనట. తన పనికి అంత పెద్ద చదువు ఉందని మొదటిసారి విన్నప్పుడు స్వామిదాసు పొంగిపోయి, కనబడిన ప్రతి మేస్త్రికీ చెప్పాడు. చివరి ఏడాది ఎవరికి వారు ఒక విషయం తీసుకుని పుస్తకం రాయాలి. ఆమె తీసుకున్నది చిన్న పట్టణాల స్లాబు ఇళ్లలో వేడి. అందుకోసం అరచేతిలో పట్టే తెల్ల డబ్బాలు రెండు తెచ్చింది. ఒకటి తండ్రి ఇంట్లో ముందు గదిలో, అదే ముందు అర్రలో తగిలించింది. దానికి మేకు కొట్టింది స్వామిదాసే. రెండోది పక్కింటి మంగవ్వ మట్టిగోడల పెంకుటింట్లో. అర్రలో వేడి ఎంతుందో డబ్బా మీద అంకె కనబడుతుంది, పావుగంటకోసారి అది దాన్ని తనలో రాసి పెట్టుకుంటుంది. ఏడు రోజులు ఆ అర్రలో ఫ్యాను వేయొద్దు, కూలరు వేయొద్దు, తలుపు తెరవొద్దు అని చెప్పింది.

మొదటిరోజు మధ్యాహ్నం మూడింటికి రెండిళ్లలోనూ అంకెలు చూసి పరుగున వచ్చింది.

"బాపూ, మనిల్లు నలభై ఒకటి! మంగవ్వ ఇల్లు ముప్పై అయిదే!"

తాను అనుకున్నది నిజమైందని ఆమె సంతోషం. వెనకే వచ్చిన మంగవ్వ సంతోషం ఇంకా పెద్దది.

"చూస్తివా స్వామిదాసూ! నా కొంప కూలగొట్టి స్లాబు ఎయ్యమని ఇరువై ఏండ్ల సంది నా పానం తింటివి."

స్వామిదాసు నవ్వేశాడు. మంగవ్వ వెళ్లాక మెల్లగా అడిగాడు.

"మీ పెద్ద సారుకు మనిల్లు చూపిచ్చినవా బిడ్డా?"

"ఫోటోలు చూపిచ్చిన బాపు. కొలతలు, బొమ్మలు అన్ని. క్లాసుల అందరు చూసిండ్రు."

"ఏమన్నడు సారు?"

"గిసొంటి ఇండ్లు ఎట్ల కట్టొద్దో చెప్పెతందుకు మంచి ఉదాహరణ అన్నడు."

అంటూనే నాలుక కరుచుకుంది. అతను అది పట్టించుకోనట్టే ఇంకో మాట అడిగాడు.

"నేను కట్టిన్నని చెప్పినవా?"

కృపాజ్యోతి కొలతల టేపు చుడుతూ ఆగింది. "గక్కడ గది అవసరం లేదు బాపు. ఇండ్లకు పేర్లుండయి, నంబర్లే. మనది నాలుగో నంబరు."

ఆ సాయంత్రం బస్సుకు ఆమె వెళ్లిపోయింది. అన్నం సయించనిది నలభై ఒకటికి కాదు, నాలుగో నంబరుకు.

స్వామిదాసు పుట్టింది మట్టి ఇంట్లోనే. మట్టి గోడ ఎండకు చల్లగా ఉంటుందని అతనికి ఒకరు చెప్పాలా? అతనికి పదకొండేళ్లప్పుడు శ్రావణ మాసపు ముసురులో వెనక గోడ నాని, రాత్రికి రాత్రి లోపలికి పడింది. ఆ గోడ పక్కన పడుకున్న చెల్లెలు మళ్లీ లేవలేదు. ఆ తర్వాత కామారెడ్డికి పోయి భూపాల్ మేస్త్రి దగ్గర తట్టలు మోశాడు, పదేళ్లకు తాపీ పట్టాడు. తిరిగి వచ్చి ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఎన్ని పెంకుటిళ్లు విప్పాడో, ఎన్ని స్లాబులు పోశాడో. వాడలో మొదటి స్లాబు తన ఇంటిదే. పోసిన మర్నాడే దాని మీద మట్టితో మడులు కట్టి, ఇరవై ఒక్క రోజులు నీళ్లు నిలబెట్టాడు. ఇప్పటిదాకా చుక్క కారలేదు. ఎంత ముసురు పట్టినా కృపాజ్యోతి ఆ స్లాబు కింద పుస్తకం తడవకుండా చదువుకుంది. వానకు ఏమవుతుందో రాసే డబ్బా ఆ కాలేజీలో లేదు కాబోలు.

రోజూ మూడింటికి అతను అర్రలోకి పోయి అంకె చూసేవాడు. చెవి మీది పెన్సిల్ తీసి డబ్బా పక్కన గోడ మీద రాసేవాడు. గోడ మీద కొలతలు రాసుకోవడం మేస్త్రీలందరికీ ఉన్న అలవాటే. 41.2. 40.8. 41.6. 42. 41.9. 41.7. ఆరు రోజులూ ఇల్లు అతని పరువు తీస్తూనే ఉంది.

ఇవాళ ఏడో రోజు. రేపు కూతురు వచ్చి డబ్బా తీసుకుపోతుంది.

ఉదయం దివాకర్ సారు ఇంటి గోడకు నీళ్లు కొడుతుంటేనే అతనికి తట్టింది. నీళ్లు కొట్టని గోడ బీటలిస్తే మేస్త్రిదా తప్పు? ఈ స్లాబు కూడా అంతే. ఇరవై ఏళ్లుగా ఎండలో మాడుతున్నదానికి ఎవరైనా చుక్క నీరు పోశారా? నీళ్లు కొట్టి అప్పుడు కొలవాలి, అది న్యాయం. ఇందులో మోసం ఉందని అతనికి ఏ మూలా అనిపించలేదు. సిమెంటుకు వచ్చే ఏ జబ్బుకైనా అతనికి తెలిసిన మందు నీళ్లొక్కటే.

ఎనిమిదింటికల్లా వెనక గుంతలోని మట్టి తడిపి తట్టతో పైకి చేర్చాడు. ముందు అర్ర మీద ఎంత జాగా వస్తుందో అంత మేర నాలుగంగుళాల ఎత్తున కట్టలు పోసి, ఆరు మడులు చేశాడు. కట్టల పైభాగాన్ని తాపీతో నున్నగా చేశాడు, రేపటికి ఎండిపోయే మట్టికి అంత నునుపు ఎందుకో మరి. తర్వాత నీళ్లు. ఇంటి ముందు డ్రమ్ములు రెండూ పదింటికే ఖాళీ అయ్యాయి. మిగతావి వీధి చివర బోరింగు కొట్టి తేవాలి. రెండు చేతులా రెండు బకెట్లు, పిట్టగోడ లేని మెట్లు. మొదట పోసిన నీళ్లు నిలవకుండానే ఆవిరయ్యాయి, స్లాబు అంత కాలి ఉంది. అతను ఆగలేదు.

ఉపాధి పనికి పోయిన భార్య సాలవ్వ పన్నెండింటికి తిరిగొచ్చింది. పార భుజం మీదనే ఉంచుకుని కిందనుంచి అరిచింది.

"మతి గిట్ల తప్పిందా నీకు? గీ ఎండల స్లాబు మీద మడులు కట్టుడేంది?"

"నువ్వు తిని పండుకో. ఇంకొన్ని బకీట్లే."

"ఏం ముట్టొద్దని బిడ్డ చెప్పిపోలే?"

"ఫ్యాను ముట్టొద్దన్నది. కూలరు ముట్టొద్దన్నది. స్లాబు ముట్టొద్దన్నదా?"

"ఎవలకు చూపెట్టెతందుకయ్యా గీ తిప్పలు?"

"ఎవలకు చూపెట్ట. డబ్బనే చెప్తది."

సాలవ్వ ఇంకో నాలుగు మాటలంది. అతను మళ్లీ బోరింగు దిక్కు నడిచాడు. ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టి, మంగవ్వ ఇంటి చల్లటి అరుగు మీద కొంగు పరుచుకుని పడుకుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆమె పడుకునేది అక్కడే. భర్త ముందు ఆ మాట ఎన్నడూ అనలేదు, అంతే.

రెండున్నరకు ఆరు మడులూ రెండంగుళాల నీళ్లతో నిండాయి. స్వామిదాసు మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. అప్పటిదాకా ఒంటినిండా కారిన చెమట ఆగిపోయింది. చెయ్యి ముట్టుకుంటే పొడిగా, పొయ్యి పక్కన పెట్టిన ఇటుకలా ఉంది. చెమట ఆగిందంటే చల్లబడ్డాననుకున్నాడు. రెండు గుక్కల నీళ్లు తాగి, మూడు కాగానే గోడ పట్టుకుని అర్రలోకి నడిచి, తలుపు మూశాడు. తెరవొద్దని కూతురు చెప్పింది కదా.

డబ్బా మీద 37.4 ఉంది.

రెండుసార్లు చూశాడు. కళ్లు చెదురుతున్నాయని దగ్గరికి పోయి మూడోసారి చూశాడు. ముప్పై ఏడు పాయింటు నాలుగు. పెన్సిల్ తీసి, ఆరు అంకెల కింద ఏడోది రాశాడు. ఏడు కాస్త వంకరపోయింది. దాని కింద ఒక గీత గీశాడు. చాలదనిపించి ఇంకో గీత గీశాడు. ఎవరితోనైనా చెప్పాలనిపించింది, కానీ నోరు పిడచకట్టుకుపోయింది. ఇంకా దిగుతుందేమో చూద్దామని డబ్బా కిందే గోడకు చేరబడ్డాడు. తలమీద ఫ్యాను ఉంది. దాన్ని వేయలేదు.

నాలుగింటికి సాలవ్వ టీ తెచ్చి తలుపు తోసింది. అతను పక్కకు ఒరిగి ఉన్నాడు. భుజం పట్టి కదిపి, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది. ఆమె కేకకు మంగవ్వ కుండ ఎత్తుకుని వచ్చి మొహం మీద నీళ్లు గుమ్మరించింది. ఆటోలో వేసుకుని పోతే, ఎల్లారెడ్డి డాక్టరు నాడి చూసి, ఇక కామారెడ్డి పెద్దాసుపత్రి దాకా పోవాల్సిన పని లేదని చెప్పాడు.

కృపాజ్యోతి మర్నాడు రావాల్సింది ఆ రాత్రే వచ్చింది. మూడో రోజు సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక డబ్బా విప్పి సంచిలో పెట్టుకుంది. సోమవారంలోగా అది కాలేజీలో తిరిగి ఇచ్చేయాలి. తీస్తున్నప్పుడు ఆమె గోడ దిక్కు చూడలేదు. ఆ గోడ కింద ఏం జరిగిందో తల్లి చెప్పి ఉంది మరి.

పది రోజుల తర్వాత కాలేజీలో పెద్ద సారు, డబ్బా అంకెలతో ఆమె గీసిన బొమ్మ చూశాడు. ఆరు రోజులు కొండల్లా లేచిన గీత ఏడో రోజు మధ్యలో చతికిలపడింది.

"నాలుగో నంబరు ఇంట్లో ఆ రోజు ఏమైంది?"

"పైన నీళ్లు పోశారు సార్."

"ఎవరు?"

"ఆ ఇల్లు కట్టిన మేస్త్రి, సార్."

అంతకుమించి సారు అడగలేదు. అడగనిది ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆ రాత్రంతా ఏడ్చినా ఆమెకు తెలియలేదు.

"అయితే ఆ రోజు లెక్కలోకి రాదు. తీసెయ్," అన్నాడు సారు.

తీసేసింది. పుస్తకంలో నాలుగో నంబరు ఇంటికి ఆరు రోజులే ఉన్నాయి, ఆరూ నలభై దాటినవే.

ఎల్లారెడ్డిలో స్లాబు మీది మడులు తొలివానకు కరిగి మెట్ల మీదుగా కారిపోయాయి. ఇంట్లోకి మాత్రం చుక్క కారలేదు. ముందు అర్రలో ఖాళీ మేకు పక్కన పెన్సిల్‌తో రాసిన అంకెలు ఏడు ఉన్నాయి, చివరిదాని కింద రెండు గీతలున్నాయి.