వాలుగా పొడిచే చువ్వ

నేను ఒక ఉక్కు చువ్వను. జానెడు చెక్క పిడి, మూరెడు ఒళ్లు, మొనదేరిన ముక్కు. నా అసలు ఉద్యోగం నేలలో మందుపాతరలు వెదకడం. అలాంటి నాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎదురుగా కొబ్బరికాయ కొడుతున్నారు. ఎందుకో ఇన్నేళ్లయినా నాకు సరిగ్గా అర్థం కాలేదు. మనుషులతో ఇదే తంటా. ఒక వస్తువు దేనికి పనికొస్తుందో తెలియకపోతే దానికి దండం పెట్టేస్తారు.

ఒక సైనిక కర్మాగారంలో నన్నూ నావంటి వందలమందినీ సానబట్టి, డెబ్బై ఒకటి యుద్ధానికి పడమటి సరిహద్దుకు పంపారు. అక్కడ పొట్నూరు గవరయ్య అనే జవాను చేతికి చిక్కాను. శ్రీకాకుళం వైపు మనిషి. బోర్లా పడుకుని, రెండేసి వేళ్ల ఎడంతో నన్ను వాలుగా మట్టిలోకి దింపేవాడు. నిలువుగా పొడిస్తే పాతర నెత్తిన తగిలి పేలుతుంది. వాలుగా అయితే దాని పక్కకు ఆని ఆగుతాను. నేను చదివిన చదువల్లా ఇంతే.

ఫౌజు వదిలాక గవరయ్య రాజాంలో ఇళ్లు కట్టే వ్యాపారం పెట్టాడు. నన్ను వెంట ఎలా తెచ్చుకున్నాడని మాత్రం అడక్కండి, నేను నోరు విప్పను. ఏ ఇంటికైనా పునాది ముగ్గు పోసే ముందు చొక్కా విప్పి నేలమీద పడుకునేవాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి మనిషి నడిచేంత దారి నాతో పొడిచి చూసి, అప్పుడు లేచి "రండి" అని కూలీలను పిలిచేవాడు. రాజాంలో మందుపాతర ఏమిటయ్యా? మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆయన నిజంగానే వెతుకుతున్నాడని తెలిశాక భయమేసేది.

మేస్త్రి అసిరయ్య దీనికి తనకు తోచిన అర్థం చెప్పాడు. "బూమి తల్లికి నొప్పెట్టకుండా వాలుగా అడుగుతన్నారు బాబు, ఇల్లు కట్టీమంతావా అమ్మా అని." మర్నాటి నుంచే నాకు పసుపు మొదలు. గవరయ్య అవుననలేదు, కాదనలేదు. ఊళ్లో మిగతా కాంట్రాక్టర్లు కూడా తలో చువ్వా చేయించుకుని పొడవసాగారు, అదీ నిలువుగా!

మొన్న మాఘంలో గవరయ్య పోయాడు. వ్యాపారం కూతురు ఇందుమతి చేతికొచ్చింది. ఆమె ఇంజనీరు. ఆడపిల్లల హాస్టలు కట్టే పని ముందుంది. పెద్దకర్మ భోజనాల దగ్గరే అసిరయ్య తేల్చి చెప్పేశాడు.

"నువ్వెన్ని మట్టి పరీచ్చల కాయితాలు సూపినా, బాబు సువ్వ తిరగందే మావు ముగ్గెయ్యమమ్మా."

ఇందుమతికి కోపం రాలేదు, కళ్లనీళ్లొచ్చాయి. "నాన్న ఏం వెతికేవారో నాకెప్పుడూ చెప్పలేదు మేస్త్రీ. తెలియకుండా నేను వెతికినట్టు ఎలా నటించను?"

ఆ మాటకు పంక్తిలో ఒక ముసలాయన విస్తరి ముందు నుంచి లేచాడు. పేరు ఓబులేసు, గవరయ్యతో పాటు యుద్ధం చేసినవాడు, కడప నుంచి వచ్చాడు. గవరయ్య పటం పక్కన ఉన్న నన్ను చూశాడు గాని ముట్టుకోలేదు.

"యుద్ధంలో పాతర పేలిన ఆ పొద్దు ఈ చువ్వ మీ నాయన చేతిలో లేదు మా. నా చేతిలో ఉన్నింది. నడుమ ఒక మూర నేల వదిలేసినా. దారి బాగుందని నేనే కేకేసినా. మొదట అడుగేసినోడు మా తోటి జవాను దేవసహాయం. కాళ్లు రెండూ పాయె, సాయంత్రానికి ప్రాణమూ పాయె."

ఇందుమతి ఆయన దగ్గరికి నడిచింది.

"ఆఫీసరు సాహెబు అడిగితే మీ నాయన ముందుకొచ్చి, పొడిచింది నేనే సార్ అనె. అప్పుడు నా పెండ్లానికి నెలలు నిండినాయి. ఆ శిక్షంతా ఆయప్పే పడె. చెప్పీ చెప్పీ, కడాకు తానే చేసినట్టు నమ్మినాడో ఏమో!"

అందరికంటే తికమక పడింది నేను. ఆ రోజు చలికి ఇద్దరూ చేతులకు ఉన్ని తొడుగులు వేసుకున్నారు. నన్ను పట్టుకున్నది గవరయ్యే అని యాభై ఏళ్లు అనుకున్నాను. ఆయన తప్పులో నాకూ వాటా ఉందనుకుని ఆయనతో పాటే కుమిలాను. మరి ఆయన తప్పే లేకపోతే మేమిద్దరం ఇన్నేళ్లు వెతికిందేమిటి?

మర్నాడు పొద్దున్నే హాస్టలు స్థలంలో ఇందుమతి నన్ను ఓబులేసు చేతిలో పెట్టింది. "మీరే చూడండి చిన్నాన్నా."

డెబ్బై అయిదేళ్ల మనిషి మోకాళ్లమీద వంగి, మెల్లగా బోర్లా పడుకున్నాడు. రెండేసి వేళ్ల ఎడం, అదే వాలు. ఈసారి వేలెడు నేల కూడా వదల్లేదు. ఎండ నెత్తికెక్కేసరికి ఆ చివరికి చేరాడు. కూలీలు మట్టి మోసే గమేళాలు పట్టుకుని పిలుపు కోసం చూస్తున్నారు. ఆయన పిలవకుండా, పొడిచిన దారికేసి తిరిగి చూశాడు.

"ఇంగొక తూరి చూస్తా మా," అన్నాడు.

రెండోసారీ చూశాడు. రెండోసారీ "రండి" అనలేకపోయాడు. మూడోసారికి నన్ను మట్టిలో ఆనించగానే ఇందుమతి చెప్పులు విడిచి, అవతలి చివరి నుంచి దారిలోకి అడుగు పెట్టింది.

"వద్దు మా! నిలబడు!" ఓబులేసు అరిచాడు.

ఆమె నిలబడలేదు. ఒక్కో అడుగే వేసుకుంటూ దారి పొడవునా నడిచొచ్చి ఆయన ముందు ఆగింది.

"వచ్చేశాను చిన్నాన్నా."

ఆయన నన్ను మట్టిలోనే వదిలేశాడు. రెండు చేతులతో ఆమె పాదాలు పట్టుకుని, మడమలూ వేళ్లూ ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు, అన్నీ ఉన్నాయో లేదోనని.