కడచూపు తేదీ

కంటి ఆసుపత్రి వాళ్లిచ్చిన చీటీలో అమ్మమ్మ పేరు కింద "కడచూపు తేదీ: 4" అని ఉంది. కిందటిసారి ఆసుపత్రికి వచ్చిన రోజు అని దాని ఉద్దేశమట. ఎడమ కంటికి శుక్లం తీసేశారు. కుడి కంటికి పద్దెనిమిదిన తియ్యాలి. ఆ చీటీ పైకి చదివింది నేనే. అందుకు నా నోటిని ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

"చచ్చినవాళ్లని చూసేదాన్ని కదే కడచూపంటారు," అంది అమ్మమ్మ. "నాలుగో తేదీనే నన్ను చూసేసుకున్నారా? ఇంక కుడి కన్నెందుకు, ఎవర్ని చూడ్డానికి?"

అమ్మ బతిమాలింది. పెద్దమ్మ కోప్పడింది. అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆసుపత్రి కౌంటరులో కూర్చునే అక్కని అడిగాను. "మేం రాసింది కాదమ్మా, కంప్యూటర్లో అలాగే వస్తుంది. ఓపెన్ సోర్సట. ఊరికే దొరుకుతుంది, తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చట," అంది. ఎవరైనా అంటే ఎవరో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఎవరూ ఆలోచించలేదు కాబట్టే అది అలా ఉంది.

మా బావ ఇంజినీరింగు చదువుతున్నాడు. ఓపెన్ సోర్సులో ముప్పై ఒక్క మార్పులు చేశానని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. నేర్చుకుందామని ఆయన జాబితా తెరిచి చూశాను. పదిహేడు చోట్ల ఫుల్‌స్టాప్ పెట్టాడు. తొమ్మిది చోట్ల తీసేశాడు. మిగిలిన ఐదూ తన పేరు చేర్చుకోవడమే. లెక్క వేస్తే లోకానికి మిగిలింది ఎనిమిది చుక్కలు.

"కొత్తవాళ్లు చుక్కతోనే మొదలెట్టాలి మరదలా. ఇన్ని మార్పులని లెక్క చూపిస్తే బహుమతిగా టీషర్టు కూడా పంపిస్తారు," అన్నాడు.

"నాకు టీషర్టొద్దు బావా. ఒక మాట మార్చాలి."

"మాట మారిస్తే ఎందుకని అడుగుతారు. చుక్క పెడితే ఎవడూ అడగడు."

ఆయన చదువు మొత్తంలో పనికొచ్చిన ముక్క అదొక్కటే.

బడిలో కంప్యూటర్ గది భోజనాల వేళ ఖాళీగా ఉంటుంది. మొదటి రోజు ఖాతా తెరిచి, ఆ సాఫ్ట్‌వేర్ నకలు ఒకటి నా ఖాతాలోకి తెచ్చుకున్నాను. రెండో రోజు తెలుగు మాటలన్నీ ఉన్న ఫైలు దొరికింది. రెండువందల పన్నెండో వరుసలో కడచూపు తీసేసి "కిందటిసారి వచ్చిన తేదీ" అని రాశాను. దీన్ని అసలు దాంట్లో కలపండి అని కోరుతూ పంపాను. ఇంతే పని. దీనికే బావ కాలర్ ఎగరేస్తాడు.

తెలుగు భాగం చూసుకునే పెద్దమనిషి నుంచి జవాబు వచ్చింది: "కడ అనగా చివర. చూపు అనగా దర్శనం. పదం శుద్ధము, క్లుప్తము. మీ మార్పు మరీ ఇంట్లో మాట్లాడుకునే భాషలా ఉన్నది. కారణం తెలుపగలరు."

ఆ మాట పెట్టిందీ ఆయనే. పక్కనే పేరుంది. నిఘంటువు తప్ప మనిషి ఎదురుపడని వాళ్లకే ఇంత ధైర్యం ఉంటుంది.

క్లాసులో జవాబు తెలిసినా నేను చెయ్యెత్తను. ఇక్కడ రాస్తే లోకమంతా చదువుతుంది. అరగంట కూర్చుని రాశాను: "అయ్యా, మీ అమ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్తే ఈ చీటీ ఇచ్చారనుకోండి. ఆవిడకి పైకి చదివి వినిపించగలరా? నేను మా అమ్మమ్మకి వినిపించాను. ఆపరేషన్ మానుకుంది."

రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఒకే మాట: "ఆమోదించడమైనది." పొరపాటైంది అనడానికి ఆయన శుద్ధమైన భాషలో మాటే లేదు కాబోలు.

పదిహేడు సాయంత్రం మళ్లీ కౌంటరుకి వెళ్లాను. నా మార్పు కలిసిన కొత్త వెర్షన్ ఎక్కించమంటే, "తర్వాత చూద్దాంలేమ్మా," అంది అక్క. వాదించడం నాకు రాదు. కదలకుండా నిలబడ్డాను. నా వెనక వరుస పెరిగింది, గొణుగుడు పెరిగింది. చివరికి ఆ అక్కే విసుక్కుంటూ బటన్ నొక్కి, కొత్త చీటీ తీసి చేతిలో పెట్టింది.

అమ్మమ్మ ఆ చీటీని రెండుసార్లు చదివించుకుంది.

"ఎవరు మార్చారే?"

"నేనే."

"అక్కడ ఇంతమంది ఉండి, ఈమాత్రం తెలుగు రాదా వాళ్లకి?"

"బాగా వచ్చు అమ్మమ్మా. అందుకే ఇన్నాళ్లు పట్టింది."

అమ్మమ్మ లేచి కూర్చుని, "రేపు ఎన్నింటికి రమ్మన్నారు?" అని అడిగింది.