గోడ మీది రివాల్వర్

ఎల్క్ దుప్పుల వేటకు వారం ముందు మా తుపాకుల కొట్లోకి వచ్చే ప్రతివాడికీ తొందరే. డార్విన్ హాల్వర్సన్‌కు మరీను. ఖాళీ డొల్లలో తుపాకి మందు పోసి జన్మలో ఒక్క తూటా సొంతంగా నింపనివాడు, వస్తూనే తూటాలు నింపే యంత్రాల్లో అన్నిటికన్నా పెద్ద ప్రెస్ మీద చెయ్యి వేశాడు. దాని పిడి లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై పడుతుంది.

"కొత్తవాడివి. ఒక్కొక్కటే నింపే చిన్న ప్రెస్సు, మందు తూచే కాటా తీసుకో," అన్నాను.

"అంత ఓపిక ఎవడికుంది ఆంటీ? మందు అదే పోసుకుంటుందిగా, ఇక కాటా ఎందుకు?"

నాకు ఒళ్లు మండింది. "మధ్యలో చెయ్యి ఆగి, ఒకే డొల్లలో రెండుసార్లు మందు పడిందనుకో, తుపాకి చేతిలోనే పేలుతుంది. ఎవడు చూస్తాడు, మీ తాతా?"

"మా నాన్నకి మిల్లులో రంపం రెండు వేళ్లు కోసేసింది. ఆయనే ఇంత భయపడలేదు. అమ్మడం నీ పని, నీతులు చర్చిలో వింటాలే."

గల్లాపెట్టె వెనక మేకుకు వేలాడుతున్న రివాల్వర్ తీసి అతని ముందు పడేశాను. తూటాల చక్రం చీలిపోయి, పైభాగం ఎగిరిపోయి ఉంది. మా ఊళ్లో ఇలా పేలిన తుపాకులన్నీ నా గోడకే చేరతాయి. తెచ్చినవాళ్ల పేరు నేను ఎవరికీ చెప్పను. ఆ మాట మీదే తెచ్చి ఇస్తారు.

డార్విన్ దాన్ని తిప్పి చూసి నవ్వాడు.

"ఏ వెధవది ఇది?"

ఇన్నేళ్లు నిలబెట్టుకున్న మాట ఆ నవ్వు చూసి తప్పాను.

"మీ నాన్నది. మిల్లులో ఆయన్ని ఏ రంపమూ కొయ్యలేదు."