చెప్పని తారీఖు

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో వెడ్డింగ్ ఎక్స్‌పో ఆఖరి రోజు. గేటు దాటకముందే లక్ష్మీనర్సమ్మ మేనకోడలి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"జర మనసు పెట్టి ఇను నర్మదా. లోపల ఏది నచ్చినా నచ్చినట్టు మొఖం పెట్టకు. ఫోటోలు తియ్యకు. పెండ్లి తారీఖు మాత్రం సచ్చినా నోట్లకెళ్లి రావద్దు. గది తెలిసిందంటే వాడు మన నెత్తిమీదెక్కి కూసుంటడు."

"ఎన్నిసార్లు చెప్తవ్ అత్తమ్మా?"

"నీ మొఖం చూస్తె మళ్ల మళ్ల చెప్పబుద్ధయితుంది. తారీఖంతా గా మొఖం మీదనే ఉన్నది."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నర్మదకు వారం రోజులుగా తిండి సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు. మాఘమాసంలో ఆఖరి ముహూర్తానికి పెళ్లి కుదిరింది. అది దాటితే మూఢం. మూడు నెలల దాకా మంచి రోజన్నదే లేదు. అందుకని ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఆ ఒక్క రోజు మీదే వచ్చి పడ్డాయి. ఎవర్ని అడిగినా హాలు లేదంటున్నారు.

మూఢమంటే నర్మదకు ఉన్న భయం వేరు. పోయినేడు ఒక సంబంధం ఖాయమై, ఇలాగే హాలు దొరక్క, మూఢం వెళ్లాక చూద్దామని వాయిదా పడింది. ఆ మూడు నెలల్లో అవతలివాళ్ల మనసు మారిపోయింది. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. ఫోన్లు ఎత్తడం మానేశారు, అంతే. ఇంట్లో ఒక్కరూ ఆ మాట ఎత్తరు గానీ, మూఢం అన్న మాట వినబడితే చాలు, నర్మద అక్కణ్ణుంచి లేచిపోతుంది.

ఈసారి కుదిరింది సాయిచైతన్యతో. నర్మద ఆబిడ్స్‌లో కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. ఫ్రేము మార్చుకుంటానని వచ్చినవాడు, మార్చిందే మళ్లీ మళ్లీ మార్చుకుంటూ ఆ షాపు గడప అరగదీశాడు. వాళ్లది గోదావరి వైపు, తాతల కాలంలోనే వచ్చి ఖైరతాబాద్‌లో స్థిరపడ్డారు. నాంపల్లి స్టేషన్ పక్క సందులో ఉన్న ఫంక్షన్ హాలును ఇద్దరూ ఒక సాయంత్రం బయటి నుంచే చూసి ముచ్చటపడ్డారు. అటువాళ్లైనా ఇటువాళ్లైనా రైలు దిగి నడిచి వచ్చేయొచ్చని చైతన్య అన్నాడు. కల్యాణమంటపం చూసుకోవాల్సింది ఆడపెళ్లివారు. నర్మదకు తల్లి లేదు. తండ్రి బాలమల్లు, "అక్కా, అంత నీ చేతుల పెట్టిన," అని దండం పెట్టి ఊరుకున్నాడు.

ఆ చేతులు మామూలు చేతులు కావు. లక్ష్మీనర్సమ్మకు ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిరపకాయల దుకాణం. మిరపకాయను ముట్టుకోకుండానే ఘాటు చెప్పగలదు, మనిషిని చూసి ఎంతకు దిగుతాడో చెప్పగలదు. బేరానికి బయల్దేరితే చెవులకున్న కమ్మలు తీసి బీరువాలో పెట్టి, వెలిసిపోయిన నేత చీర కట్టుకుని మరీ వస్తుంది.

లోపల ఏసీ చల్లగా ఉంది. మైకులో ఎవరో లక్కీ డ్రా గురించి గొంతు చించుకుంటున్నారు. పూల డెకరేషన్ స్టాలు ముందు లక్ష్మీనర్సమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. రేటు ఊసే ఎత్తలేదు. మంటపానికి పూలు సరే, మరి గేటుకు? గేటుకు సరే, మరి కారుకు? అవతలివాడు నీళ్లు నమిలేలోపు పక్క స్టాలు వాణ్ణి పిలిచి, "తమ్మీ, నువ్వైతే ఏమేం కలుపుతవ్?" అంది. వాడు ఒకటి కలిపాడు. వీడు రెండు కలిపాడు. ఆఖరి రోజు, చీకటి పడితే స్టాళ్లు ఎత్తేయాలి. ఇద్దరికీ ఎవరో ఒకరు బుక్ చేస్తే బాగుండునన్న ఆత్రం. చివరికి మంటపం నుంచి కారు దాకా పూలన్నీ ఒక్క రేటుకే కుదిరిపోయాయి.

"సూశినవా? రేటు తగ్గియ్యమంటే వాని కడుపు మండుతది. ఇంకోటి కలుపమంటే అలవాటు మీద కలుపుతడు."

"పూలు ఎక్కడైన దొరుకుతయ్ అత్తమ్మా. ముందు హాలు చూద్దాం నడువు."

"ఆత్రపడితే అయిపోయినట్టే. మెల్లగ పోదాం."

ఆ మెల్లగ అన్నది నర్మద ప్రాణం తోడేసింది. మెహందీ దగ్గర ఆగారు. బ్యాండు వాళ్ల దగ్గర ఆగారు. మిఠాయి స్టాల్లో రుచి చూడమంటే లక్ష్మీనర్సమ్మ రెండుసార్లు రుచి చూసి, బాగాలేదని చెప్పి లేచింది. నర్మద కాలుగాలిన పిల్లిలా వెనకాల తిరుగుతూ చైతన్యకు ఫోన్ చేసింది. రెండు రింగులకే కట్ చేశాడు. 'తర్వాత మాట్లాడతా' అని మెసేజ్. నిన్న కూడా అదే మెసేజ్. మొన్న, "మా అత్తమ్మ తారీఖు చెప్పకుండనే హాలు మాట్లాడుతదంట," అని నవ్వుతూ చెప్తే, అతను నవ్వలేదు. ఊఁ అని ఊరుకున్నాడు. అప్పటి నుంచే తేడాగా ఉన్నాడు. పోయినేడు కూడా మొదలు ఇలాగే కదా!

మొత్తానికి, ఇంకా అడగకుండా మిగిలిన ఆ స్టేషన్ పక్క హాలువాళ్ల స్టాలుకు చేరారు. మేనేజరు కరుణాకర్, ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు.

"కూసోండమ్మా. పెండ్లి ఏ తారీఖు?"

"మాఘంలనో, మూఢం పోయినంకనో. ఇంకా అనుకోలె. నువ్వు ముందు జనరేటర్ సంగతి చెప్పు."

"తారీఖును బట్టి ఉంటది పెద్దమ్మా."

"జనరేటర్‌కు తారీఖేంది బిడ్డా? కరెంటు పోతే నడుస్తది, లేకుంటే లేదు!"

జనరేటరయింది. వంటపాత్రలయినాయి. పెళ్లికూతురి గదికి ఏసీ, పొద్దున్నే గేటు తీయడం, హాలు కడిగినందుకు వేరే డబ్బులు అడగకపోవడం, ఒక్కొక్కటీ వేలు మడిచి మరీ ఒప్పించింది. కరుణాకర్ నుదురు తుడుచుకుంటున్నాడు. ఇంతలో అతని ఫోన్ మోగింది. అటు తిరిగి మాట్లాడి వచ్చాడు.

"పెద్దమ్మా, గిప్పుడే ఇంకో పార్టీ మాఘంల ఒక డేటు అడుగుతున్నరు. మీరు కూడ చెప్పేస్తే క్లాష్ ఉన్నదో లేదో చూస్త."

లక్ష్మీనర్సమ్మ నవ్వింది. "ఇంకో పార్టీ! నా ఎంట్రుకలన్నీ గీ ఇంకో పార్టీని విని విని నెరిసినయ్. లే నర్మదా, పోదాం."

"అత్తమ్మా..."

"లే అంటున్న."

బయట టీ స్టాలు దగ్గర నిలబడ్డారు. లక్ష్మీనర్సమ్మ తీరిగ్గా టీ ఊదుకుంటోంది. బేరంలో లేచి రావడమే అసలైన బేరమట. వెనకాల నుంచి పిలుస్తాడట. ఉస్మాన్‌గంజ్‌లో ఇన్నేళ్లలో పిలవనివాడే లేడట. నర్మద గ్లాసు పట్టుకుంది గానీ ఒక్క గుక్క కూడా దిగలేదు. కళ్లు తలుపు మీదే ఉన్నాయి. జనం వస్తున్నారు, పోతున్నారు, కరుణాకర్ మాత్రం రావడం లేదు. టీ చల్లారింది.

ఇక ఆగలేకపోయింది. గ్లాసు బల్లమీద పెట్టి గబగబా లోపలికి నడిచింది. వెనకాల నుంచి, "ఓ పిల్లా, ఆగు! చెడగొడుతున్నవ్!" అని అత్త కేకేస్తున్నా వినలేదు.

కరుణాకర్ ముందు నిలబడ్డాక మాత్రం తారీఖు నోటితో చెప్పలేకపోయింది. అత్త మాట అంతగా నాటుకుంది మరి. ట్యాబులో మాఘమాసం చూపించమంది. గళ్లన్నీ కనిపించాయి. వేలు పెట్టి చూపించింది.

"అయ్యో! గది పోయిందమ్మా. ఇందాక ఫోన్ చేసినోళ్లదే. తారీఖు చెప్పిన్రు, రేటుకు ఔ అన్నరు. ఇప్పుడొచ్చి అడ్వాన్సు కడ్తరు."

అప్పటికి లక్ష్మీనర్సమ్మ రొప్పుకుంటూ వచ్చింది. ఆ గడి చూసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బిడ్డా, నాకియ్యి. నువ్వెంతంటే గంత. జనరేటర్ వద్దు, ఏమొద్దు."

"మాటిచ్చిన పెద్దమ్మా. ఇందాకనే అడిగితిని కద మిమ్మల్ని."

నర్మద అత్త వైపు తిరిగింది. ఇన్నాళ్లు మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"నాకు నీ బేరాలొద్దు అత్తమ్మా! ఎవలు అడిగిన్రు నిన్ను? మళ్ల మూడు నెలలు కూసోవాల్నా నేను? మళ్ల వాళ్లు ఫోన్ ఎత్తకుంటే? ఇప్పటికే ఎత్తుతలేడు చైతన్య. నీకు ఎర్కనా?"

చుట్టుపక్కల స్టాళ్లవాళ్లు తిరిగి చూశారు. లక్ష్మీనర్సమ్మ వెలిసిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీలో కూలబడింది.

"ఆ పార్టీ రానీ. కాళ్లు మొక్కుత," అంది. "ఇజ్జతేం పోదు. నీకోసమే కద."

కూర్చున్నారు. అటువైపు నుంచి ఎవరు వచ్చినా ఆ పార్టీయేనేమోనని నర్మద లేచి నిలబడుతోంది, కాదని తెలిసి మళ్లీ కూర్చుంటోంది. పక్కనే వీడియోలో ఎవరిదో పెళ్లి నడుస్తోంది, తలంబ్రాలు పోసుకుంటున్నారు. అటు చూడబుద్ధి కాలేదు.

"అదిగో, వచ్చిన్రు," అన్నాడు కరుణాకర్.

జనాన్ని తోసుకుంటూ గంధం రంగు చీరలో ఒకావిడ, వెనకాలే సంచి పట్టుకుని కళ్లజోడు కుర్రాడు. నర్మద కళ్లు నులుముకుంది. ఆ కళ్లజోడు ఫ్రేము తను బిగించిందే.

సాయిచైతన్య బిక్కచచ్చిపోయాడు. పక్కన వాళ్లమ్మ వెంకటరత్నమ్మ.

"అయ్యయ్యో, మీరూ ఇక్కడే ఉన్నారా వదినగారూ?" అందావిడ, దొంగతనం చేస్తూ దొరికినట్టు. "ఇలా మీకు తెలియకుండా వచ్చామని ఏమీ అనుకోకండి. హాలు చూడటం మీ వంతని నాకు తెలుసు. పోయినేడు మీ అమ్మాయికి జరిగింది మావాడు చెప్పాడండీ. మీరేమో తారీఖు చెప్పకుండా మాట్లాడుతున్నారట. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ముందు ఆ రోజు పట్టేద్దాం, తర్వాత మీకప్పజెబుదాం అనుకున్నాను."

"నీకు చెప్తే అబద్ధం చెప్పలేవు, మీ అత్తయ్యకు చెప్పేస్తావు," అన్నాడు చైతన్య, నర్మద వైపు చూడలేక. "అందుకే ఫోన్ ఎత్తలేదు. నీతో నాక్కూడా అబద్ధం రాదు."

నర్మదకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి కారాయి. అతని చేతిలోని సంచి లాక్కుని దాంతోనే భుజం మీద ఒకటిచ్చింది.

లక్ష్మీనర్సమ్మ మాత్రం వియ్యపురాలి ముఖంలోకే చూస్తోంది.

"వదినె, ఆయన చెప్పిన రేటుకు ఔ అన్నవా? ఏం అడగకుంటనే?"

"అడగలేదండీ."

"జనరేటర్ కూడ అడగలె?"

"ఆ ఊసే గుర్తు రాలేదు."

లక్ష్మీనర్సమ్మ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తడిగా ఉన్నాయి. వెంకటరత్నమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"బతుకంత మిరపకాయల బేరం చేసిన వదినె. నా పిల్ల పానం మీద గూడ బేరం చేసిన. నువ్వు చెయ్యకపోతివి కాబట్టి బతికినం."

"అంత మాటెందుకండీ," అని ఆవిడ కంగారుపడి కరుణాకర్ వైపు తిరిగింది. "రసీదు ఆడపెళ్లివారి పేరు మీద రాయండి. మంటపం వాళ్లది. నేను పట్టి ఉంచానంతే."

కరుణాకర్‌కు ఎవరు ఎవరో అప్పటికి అర్థమై, నవ్వు ఆపుకుంటూ పెన్ను తీశాడు.

"సరే. అయితే పెద్దమ్మా, ఇప్పుడన్న చెప్తరా? పెండ్లి ఏ తారీఖు?"

అలవాటు కొద్దీ లక్ష్మీనర్సమ్మ చెయ్యి నర్మద మోచేతి మీదికి, గిల్లడానికి పోయింది. మధ్యలోనే ఆగింది. ఆ చేత్తోనే మేనకోడలి వీపు మీద మెల్లగా తట్టింది.

"చెప్పు బిడ్డా. నువ్వే చెప్పు. గట్టిగ చెప్పు."

నర్మద చెప్పింది. రోజు, వారం, ముహూర్తం గడియలతో సహా, పక్క స్టాళ్లన్నిటికీ వినబడేలా చెప్పింది.