నలభై మూడో పేజీలో విశాలాక్షి

నేను ఒక స్పైరల్ ప్రతిని. యూనివర్సిటీ గేటు ఎదుట జిరాక్సు షాపులో పుట్టాను. నూట పన్నెండు పేజీలు, వెనక నీలం అట్ట. నా పేరు 'రెండో అధ్యాయం: పూర్వ పరిశోధనల సమీక్ష'. అంతకుముందు ఎవరెవరు ఏమేం కనుక్కున్నారో చెప్పడమే నా పని. నాలో సొంత మాట ఒక్కటీ ఉండకూడదు. మనుషులు దీన్ని పాండిత్యం అంటారు.

నన్ను రాసింది జోజిబాబు. సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. భర్త పోయిన స్త్రీల దుఃఖం అతని విషయం. అతని గైడు రాజ్యలక్ష్మి మేడం ఒక పద్ధతి పెట్టారు. ఏ అధ్యాయమైనా ఆమె బల్ల మీదికి వెళ్లేముందు తోటి స్కాలరు ఒకరు చదివి, తప్పులు అంచుల్లో రాసి, చివర సంతకం పెట్టాలి. అలా నేను అతని సీనియరు శ్యామలత చేతికి వచ్చాను.

"మరీ చీల్చెయ్యకక్కా," అన్నాడు జోజి. "పోయినసారి ఇమాం అధ్యాయం నువ్వు చదివాక వాడికి పట్టుకున్న జొరం ఇంకా తగ్గలేదు."

"పెన్సిల్తోనే రాస్తాలే. చెరుపుకుందువు."

ఆమె శ్రద్ధగా చదివింది. 'ఇది జాబితా, సమీక్ష కాదు' అని రాసింది. 'ఈ ఇద్దరూ ఏకీభవిస్తున్నారా, పోట్లాడుతున్నారా?' అని రాసింది. 'ఇందులో నువ్వెక్కడ?' అని రాసింది. ఆ ప్రశ్న నాక్కూడా గుచ్చుకుంది.

నలభై మూడో పేజీలో పెన్సిలు ఆగింది.

'భర్త పోయిన మొదటి ఏడాది, నూటికి అరవై రెండు మంది స్త్రీలు సాయంత్రం వాకిట్లో అతని చెప్పుల చప్పుడు విన్నామని చెప్పారు (విశాలాక్షి, 1988).'

విశాలాక్షి అనే పరిశోధకురాలు లేదు. ఎంఫిల్ గడువు ముంచుకొచ్చినప్పుడు శ్యామలతే ఆమెను కల్పించింది. జోజి ఆ వాక్యాన్ని శ్యామలత ఎంఫిల్ థీసిస్‌లోంచి ఎత్తాడు. అయితే అలా ఎత్తినట్టు చెప్పలేదు. చెబితే బద్ధకస్తుడనుకుంటారని, మూలం తనే చదివినట్టు రాశాడు. ఆ డిపార్టుమెంటులో అందరూ చేసే పనే. దాంతో శ్యామలత పేరు మాయమైంది. రేపు పరీక్షకులు 'ఏదమ్మా ఆ అధ్యయనం?' అంటే దొరికేది జోజి ఒక్కడే.

ఆమె అంచులో 'మూలం చూశావా?' అని రాసింది. అందరూ రోజూ రాసే రెండు మాటలు. అడిగినవాళ్ల చేతులు శుభ్రంగా ఉంచే మాటలు. వెంటనే చెరిపింది. మళ్లీ రాసింది, మళ్లీ చెరిపింది. అక్కడ నా కాగితం పలచబడింది.

మూడు రోజులు నన్ను బోర్లించి పెట్టింది. ఎప్పుడు తెరిచినా ఆ పేజీయే తెరిచేది, అక్కడ ఎవరో కూర్చుని ఎదురు చూస్తున్నట్టు. నన్ను చంకన పెట్టుకుని వెళ్లి లైబ్రరీలో ఆ పేరు వెతికింది. లేదని తెలిసీ వెతికింది. దొరుకుతుందని భయపడిందో, ఆశపడిందో, కాగితాన్ని, నాకు తెలియలేదు.

నాలుగో రోజు పెన్సిలు పక్కన పెట్టి పెన్ను తీసింది. 'ఈమె లేదు. నేనే పుట్టించాను. ఆ చప్పుడు విన్నది మా అమ్మ ఒక్కతే.' కింద సంతకం పెట్టింది.

జోజి చదివి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పేజీ పీకేస్తానక్కా. ఎవరికీ తెలీదు."

"నీ దాంట్లోంచి పీకుతావు. నా థీసిస్ చూసి ఇంకో నలుగురు రాసుకున్నారు. వాళ్ల దాంట్లోంచి?"

"నీ డిగ్రీ పోద్ది."

"పోనీ."

అతను పేజీ పట్టుకున్నాడు. ఆమె అతని చెయ్యి తీసేసి, నన్ను మేడం గదికి పట్టుకెళ్లింది.

మేడం రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు. "మీ అమ్మగారికి ఆ చెప్పులు ఇంకా వినపడుతున్నాయా?"

"లేదండి. పోయినేడు ఆగిపోయాయి. అప్పట్నుంచీ సరిగ్గా అన్నం తినట్లేదండి."

మేడం కిటికీ వైపు చూశారు. "ఒక్క మనిషి చాలమ్మా. ఒక స్త్రీ చెప్పిందని రాసుంటే నేను ఒప్పుకునేదాన్ని."

మేడం కాగితం ముందుకు లాక్కుని, డిగ్రీ విషయం విచారించమని పైకి లేఖ రాశారు.

డిగ్రీ పోయింది. జోజి ఆ వాక్యం తీసేసి గట్టెక్కాడు. విచారణ సంఘం వాళ్లు నాకు ఐదు నకళ్లు తీయించారు. లేని మనిషిని తొలగించడానికి ఆమెను మరో ఐదు చోట్ల అచ్చువేశారన్నమాట.

ఇప్పుడు మేం ఆరుగురం ఒక ఇనప బీరువాలో ఒకరి మీద ఒకరం పడుకుని ఉన్నాం. ఆరుగురిలోనూ విశాలాక్షి ఉంది. అప్పుడప్పుడు గుమాస్తా తలుపు తీసి, ఉత్త కాగితాలేనని చూసి మూసేస్తాడు.