మా అమ్మ గోళ్లు నేనే తీస్తాను

"ప్రతి ఆదివారం మా అమ్మ కాలిగోళ్లు నేనే తీస్తాను."

పక్క గదిలోంచి మా ఆయన గొంతు. నేను హాల్లో కింద కూర్చుని ఉన్నాను. ఒళ్లో తువ్వాలు, తువ్వాలు మీద అత్తయ్య కుడి పాదం, చేతిలో నెయిల్ కట్టర్. గోరువెచ్చటి నీళ్లలో పాదం నానబెట్టి, వేళ్ల సందులు తుడిచి, అప్పుడే బొటనవేలి దగ్గరికొచ్చాను.

"ఆ గోళ్లలో నాకు ముసలితనం కనిపిస్తుంది," అన్నాడు పక్క గదిలో, అద్దం ముందు. కాసేపాగి మళ్లీ, ఈసారి గొంతుకి కాస్త తడి చేర్చి, "ఆ గోళ్లలో... నాకు... ముసలితనం కనిపిస్తుంది."

నా చెయ్యి ఆగిపోయింది. అత్తయ్య ముఖంలోకి చూశాను. ఆవిడ చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. వంటింట్లో నేను మా అమ్మతో ఫోన్లో గుసగుసలాడినా ఇక్కడికి వినిపిస్తుంది. ఇప్పుడు మాత్రం కిటికీ వైపు చూస్తూ, "చిటికెన వేలు మర్చిపోకమ్మా, పోయినసారి మేజోడుకి పట్టుకుంది," అంది.

నేనూ మా ఆయనా ఒకే ల్యాబులో పనిచేస్తాం. ముసలితనం మీద పరిశోధన. వయసు మీద పడితే కండ ఎందుకు కరిగిపోతుంది, కొంతైనా వెనక్కి తేగలమా అని చూడటం. ముసలి ఎలుకలు నావి, కంప్యూటరూ గ్రాఫులూ ఆయనవి. సన్నటి తీగకి వేలాడదీస్తే పిల్ల ఎలుకలు హాయిగా ఊగుతాయి, ముసలివి టపీమని కింది దూదిలో పడతాయి. ఏళ్ల తరబడి వాటితో కుస్తీ పట్టి, వయసుతో పాటు కండలో తగ్గిపోయే ఒక పదార్థాన్ని పట్టుకున్నాను. దాన్ని తిరిగి ఎక్కించి చూస్తే, ఒకరోజు నా ముసలి ఎలుక ఒకటి తీగ వదల్లేదు. నేనే వదిలించాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, సంతోషం పట్టలేక అత్తయ్యకే చెప్పాను. "నీ ఎలకల సంబరం బానే ఉంది గానీ, పాలు పొంగుతున్నాయేమో చూడు," అంది. నిజంగానే పొంగుతున్నాయి.

సరిగ్గా అప్పుడే ఒక ఫౌండేషన్ వాళ్ల కబురొచ్చింది. ముసలితనం మీద పనిచేసే శాస్త్రవేత్తలకి కంపెనీ పెట్టడం ఎలాగో నేర్పిస్తారట. మూడు నెలలు, వేరే ఊళ్లో, ఖర్చంతా వాళ్లదే. ల్యాబుకి ఒక్కరే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే మేం కనిపెట్టినవన్నీ ఫ్రిజ్జుల్లోనే ముసలివైపోతుంటాయి. మందు షాపుదాకా వెళ్లాలంటే ఎవరో ఒకరు కంపెనీ పెట్టాలి, ఎవరో డబ్బు పెట్టాలి. మాకేమో ఎలుకని పట్టుకోవడం వచ్చు గానీ డబ్బున్నవాణ్ణి పట్టుకోవడం రాదు. దరఖాస్తు పెట్టుకున్నాను. నీకే వస్తుందమ్మా అని మా ప్రొఫెసర్ గారు కూడా అన్నారు.

తీరా పిలుపు మా ఆయనకొచ్చింది. సంగతేమిటో ప్రొఫెసర్ గారి నోటే విన్నాను. "అత్తగారి కోసం మానుకున్నావటగా. మీ ఆయన చెప్పాడు. గొప్ప మనసమ్మా నీది," అన్నారు, కళ్లజోడు తుడుచుకుంటూ. నేను మానుకున్న సంగతి ఊరందరికీ తెలిశాక నాకు తెలిసిందన్నమాట!

ఇంటికెళ్లి కడిగేశాను. మా ఆయన తొణకలేదు. "నీ కోసమే చెప్పాను. నువ్వు మూడు నెలలు వెళ్తే అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు.

"నువ్వు."

నవ్వాడు. "నేనా!"

అది వెటకారపు నవ్వయితే బాగుండేది, దెబ్బలాడేదాన్ని. నేను నిజంగానే జోకేశాననుకుని నవ్వాడు. నాకది ఇప్పటికీ మింగుడు పడదు. తర్వాత దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, "ఎవరం వెళ్తే ఏంటోయ్, కంపెనీ మనదేగా," అన్నాడు. మన కంపెనీ. గిన్నెల దగ్గర, దుప్పట్ల దగ్గర, అత్తయ్య మందుల దగ్గర ఆ 'మన' ఎన్నడూ వినపడలేదు నాకు. అయినా నమ్మాను. మొద్దులా నమ్మాను. మూడు నెలలూ ఫోన్లో ఆయనకి నా పనంతా పాఠంలా చెప్పాను. ఏ ఎలుక ఏ మందుకి ఎలా మారిందో, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో, అన్నీ. అత్తయ్యకి స్నానం చేయిస్తూ ఫోను స్పీకర్లో పెట్టి మరీ చెప్పాను.

ఆ చదువు పూర్తయ్యాక, డబ్బు పెట్టేవాళ్ల ముందు ఒక్కొక్కరూ నిలబడి తమ కంపెనీ గురించి చెప్పాలి. దానికోసమే ఆ అద్దం ముందు సాధన. గోళ్లు తీయడం అయ్యాక లోపలికెళ్లి అడిగాను.

"అది నేను చేసే పని కదా?"

"కథేగా! మొదటి నిమిషంలో సైన్సు మాట్లాడొద్దని ట్రైనింగులో మరీ మరీ చెప్పారు. మన సొంత కథ చెప్పాలి. వినేవాళ్లకి గొంతు పూడుకుపోవాలి."

"అయితే, నా భార్య తీస్తుందని చెప్పు."

జాలిగా చూశాడు నన్ను. "కోడలు తీస్తే ఎవరికి గొంతు పూడుకుపోతుంది? అది మామూలేగా."

ఒళ్లు మండిపోయింది. ఆయన మాట తప్పని కాదు. అక్షరాలా నిజమని.

డబ్బు పెట్టేవాళ్ల ముందు మాట్లాడే రోజు అత్తయ్యని చక్రాల కుర్చీలో ముందు వరసలో కూర్చోబెట్టాం. నేను వెనకాల, ఆవిడ మందుల సంచీ, నీళ్ల సీసా పట్టుకుని. మా ఆయన బాగా మాట్లాడాడు. నా ఎలుక తెర మీద తీగ పట్టుకుని వేలాడుతుంటే జనం చప్పట్లు కొట్టారు. తెర అడుగున 'స్థాపకుడు' అని ఒకటే పేరుంది, ఆయనది. "తర్వాత నీది చేరుద్దాంలే," అన్నాడు మెట్లు దిగుతూ, చెవిలో.

డబ్బు పెట్టేవాళ్లలో ఒక పెద్దాయన కళ్లు ఒత్తుకుంటూ అత్తయ్య దగ్గరికొచ్చి వంగాడు. "నిజంగా మీ అబ్బాయే తీస్తాడామ్మా?"

ఆవిడ నవ్వేసి ఊరుకుంటుందనుకున్నాను. అంతకంటే ఆశపడలేదు.

"అవును బాబూ, వాడే. వాడి చేతిలో పడ్డాకే నా కాళ్లు కాళ్లలా ఉన్నాయి."

మా ఆయన సంగతి నాకు తెలుసు. కానీ ఈవిడా? నా ఒళ్లో పాదం పెట్టుకుని, కొడుక్కి కూడా చెప్పని మాటలు నాతో చెప్పుకున్న మనిషి. రాత్రిళ్లు పక్క తడిస్తే ఎవరికీ చెప్పకమ్మా అని నా చెయ్యి పట్టుకున్న మనిషి. నేనెవరికీ చెప్పలేదు. కారులో నా ముఖం చూసి, "నలుగురిలో కొడుకు పరువమ్మా. నువ్వు మనదానివి, నీకు తెలియందేముంది," అంది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

డబ్బు వచ్చింది. దాంతో పాటే ఇంకో కబురూ వచ్చింది. ఫౌండేషన్ వాళ్లకి ఆ గోళ్ల కథ తెగ నచ్చేసిందట. అందరికీ చూపించడానికి చిన్న వీడియో తీసుకుంటారట, మా ఇంట్లోనే, ఆదివారం. మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎక్కడ కొయ్యాలో ఒకసారి చూపించు," అన్నాడు ముందురోజు.

"కథేగా," అన్నాను.

"సరేలే, గోళ్లేగా, బ్రహ్మవిద్యా!"

ఆదివారం ఫౌండేషన్ నుంచి మా ఆయనకి ట్రైనింగిచ్చిన మేడమ్, ఒక కెమెరా అబ్బాయి వచ్చారు. టబ్బులో నీళ్లు పోసి, మోచెయ్యి ముంచి వేడి చూసి, తువ్వాలు పరిచాను. లేవబోతుంటే కెమెరా అబ్బాయి మర్యాదగానే అన్నాడు, "మేడమ్, కాస్త పక్కకి జరుగుతారా, ఫ్రేములో పడుతున్నారు."

జరిగాను. వంటింటి గుమ్మం దాకా జరిగాను.

అత్తయ్యకి షుగరు. పాదాల్లో స్పర్శ లేదు. గాటు పడినా తెలియదు, పడితే మానదు. డాక్టరు నాకు మరీ మరీ చెప్పాడు, వేలే తీసేయాల్సి రావచ్చని. మా ఆయన పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, కెమెరాకేసి చిన్నగా నవ్వి, కట్టర్ని బొటనవేలి మూలలోకి తోశాడు. గోరుతో పాటు చర్మం కూడా కట్టర్ నోట్లో పడింది, ఇక నొక్కడమే తరువాయి. ఆవిడకి తగిలింది తెలియలేదు గానీ కళ్లు ఉన్నాయిగా.

పాదం లాగేసుకుంది. "వద్దురా. నువ్వొద్దు."

"అమ్మా, కదలకు. కెమెరా నడుస్తోంది."

"కెమెరా మండిపోను! నా వేలు ఉండాలా, పోవాలా? నీకేం తెలుసురా, ఎన్నడైనా పట్టుకున్నావా? అమ్మాయ్! ఎక్కడున్నావమ్మా? నువ్వు రా."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. మేడమ్ ఒకసారి నన్నూ, ఒకసారి మా ఆయన్నీ చూసింది. మా ఆయన కెమెరా అబ్బాయికి చెయ్యి ఊపుతూ, "ఆపండి, ఆపండి, మళ్లీ తీద్దాం. అమ్మకి కెమెరా అంటే బెరుకు," అన్నాడు.

ఒక్క క్షణం, ఒక్క క్షణమే, తెగితే తెగనీ అనుకున్నాను. ఆ పెద్దాయనతో 'వాడే' అందిగా, వాడి చేతిలోనే పడి ఉండనీ అనుకున్నాను. కానీ ఆ పాదం గాల్లో ఆగి ఉంది, దించడానికి చోటు వెతుక్కుంటూ. దాని బరువెంతో నాకు తెలుసు.

వెళ్లి కింద కూర్చున్నాను. పాదం ఒళ్లోకి తీసుకుని, మా ఆయన వైపు చెయ్యి చాపాను. కట్టర్ నా చేతిలో పెట్టాడు.

"ఆపకు బాబూ," అన్నాను కెమెరా అబ్బాయితో. "గోళ్లయ్యేదాకా తియ్యి. ఇవి అయిపోయాక నా ఎలుకల గురించి చెప్తాను."